కోడ్‌లో పేరుకుపోయిన సిస్టమ్ హెడర్లను తీసేయడం ఎలా

విశాఖ మధురవాడలోని మా ఆఫీసులో ఒక సీ ప్రోగ్రామ్ ఉంది. లారీ కాటా చూపించే బరువును చదివి సర్వర్‌కు పంపడం దాని పని. ఏళ్ల తరబడి చేతులు మారుతూ వచ్చిన కోడ్ అది. అందులో ఒక ఫైల్ తెరిస్తే పైనుంచి 34 వరుసలు హ్యాష్ ఇంక్లూడ్‌లే. అంటే ఫంక్షన్ల, టైపుల ప్రకటనలున్న వేరే ఫైళ్లను లోపలికి తెచ్చే వరుసలు; అలా తెచ్చుకునే ఫైళ్లనే హెడర్లంటాం. ఆ ఫైల్‌కు నిజంగా కావలసినవి 9. మిగతావి ఎవరో ఎప్పుడో ఏదో ఫంక్షన్ కోసం పెట్టారు. ఆ ఫంక్షన్లు పోయాయి, ఇవి మాత్రం ఉండిపోయాయి.

ఈ మధ్యే టీమ్‌లో చేరిన శ్రీకాకుళం కుర్రాడికి వీటిని శుభ్రం చేసే పని ఇచ్చాను. ఒక వరుస తీసేయడం, బిల్డ్ కొట్టడం, ఎర్రర్ రాకపోతే తర్వాతి వరుసకు వెళ్లడం. మధ్యాహ్నానికి సగం ఫైళ్లు అయిపోయాయి. "తీసేసినా కంపైల్ అయిపోతోంది కదా అన్నయ్యా, ఇంక ఉంచడమెందుకు?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. కానీ ఈ పనిలో జరిగే పెద్ద తప్పులు ఆ మాట దగ్గరే మొదలవుతాయి. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. లినక్స్ మీద సీ, సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లకు ఇది పనికొస్తుంది. ఫైళ్ల పేర్లు, ఆప్షన్లు మనం నోటితో పలికినట్టే రాశాను.

మొదటి పని: అనవసరం అంటే ఏమిటో తేల్చుకోండి

ఎంవీపీ కాలనీలో మేముండే చోట పక్కింటివాళ్ల కరివేపాకు చెట్టు కొమ్మ గోడ మీంచి మా వైపు వంగి ఉండేది. పోపు వేసేటప్పుడు నాలుగు రెబ్బలు తుంచుకోవడం అలవాటైపోయి, రైతు బజార్‌కు వెళ్లినా కరివేపాకు కొనడం మానేశాం. ఒక వేసవిలో వాళ్లు ఆ చెట్టు కొట్టించేశారు. చెట్టు వాళ్లది, కొట్టించుకునే హక్కూ వాళ్లదే. ఆ రోజు మా చారులో కరివేపాకు లేదు.

ఒక హెడర్ లోపలినుంచి ఇంకో హెడర్ రావడం సరిగ్గా ఆ కొమ్మ లాంటిది. మీ ఫైల్‌లో ఎస్‌టీడీలిబ్.హెచ్ ఉంది. లినక్స్‌లో సాధారణంగా వాడే జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీలో అది మామూలు సెట్టింగులతో సిస్/టైప్స్.హెచ్‌ను లోపలికి తెచ్చుకుంటుంది. అది మళ్లీ ఎండియన్.హెచ్‌ను, సిస్/సెలెక్ట్.హెచ్‌ను తెస్తుంది. అందుకని మీ ఫైల్‌లోని సిస్/సెలెక్ట్.హెచ్ వరుస తీసేసినా కంపైలర్ నోరెత్తదు. అంతమాత్రాన ఆ వరుస అనవసరమని కాదు. మీరు సెలెక్ట్ ఫంక్షన్ వాడుతున్నంత కాలం ఆ వరుస మీదే, మీరే ఉంచుకోవాలి. రేపు లైబ్రరీవాళ్లు తమ లోపలి అమరిక మార్చుకుంటే ఎవరినీ అడగనక్కర్లేదు.

ఇది ఊహ కాదు, చాలాసార్లు జరిగింది. డివైస్ నంబర్లు విడగొట్టే మేజర్, మైనర్ అనే మ్యాక్రోలు (కంపైల్‌కు ముందే వేరే కోడ్‌గా మారిపోయే పేర్లు) ఒకప్పుడు సిస్/టైప్స్.హెచ్ ద్వారా వచ్చేవి. జీలిబ్‌సీ 2.28 నుంచి, అంటే 2018 నుంచి, రావడం మానేశాయి. సిస్/సిస్‌మ్యాక్రోస్.హెచ్‌ను విడిగా రాసుకోనివాళ్ల బిల్డ్‌లు ఆగిపోయాయి. 2023లో జీసీసీ కంపైలర్ 13వ వెర్షన్ వచ్చినప్పుడు సీ ప్లస్ ప్లస్ వైపు ఇదే కథ. కొన్ని లైబ్రరీ హెడర్లు సీఎస్‌టీడీఇంట్‌ను లోపల తెచ్చుకోవడం మానేశాయి. యూఇంట్32 టీ అనే టైప్ తెలియదంటూ ఎన్నో ప్రాజెక్టుల్లో ఎర్రర్లు వచ్చాయి. లినక్స్ కెర్నల్‌కు ప్యాచ్ పంపేవాళ్ల చెక్‌లిస్టులో ఈ సంగతి సూటిగా ఉంటుంది. ఏది వాడుతున్నారో దాన్ని ప్రకటించే ఫైల్‌నే ఇంక్లూడ్ చేయండి, వేరే హెడర్ తెచ్చిపెడుతుందని ఆధారపడకండి అని.

మరి నిజంగా తీసేయదగ్గవి ఏవి? మొదటిది, ఒకే ఫైల్‌లో రెండుసార్లు రాసినవి. వీటి గురించి ఆలోచించే పనే లేదు. రెండోది, మీ ఫైల్‌లో ఆ హెడర్ ఇచ్చే ఫంక్షన్, టైప్, మ్యాక్రో ఏదీ లేనివి. మూడోది, కాలం చెల్లిన పేర్లు. మెమరీ.హెచ్ అంటే స్ట్రింగ్.హెచ్‌కు పాత పేరు. సిస్/ఎర్‌నో.హెచ్, సిస్/పోల్.హెచ్, సిస్/ఎఫ్‌సీఎన్‌టీఎల్.హెచ్ రాసి ఉంటే ముందున్న సిస్ తీసేసిన పేర్లే సరైనవి. ఆల్పైన్ లినక్స్‌లో జీలిబ్‌సీకి బదులు ఉండే మజిల్ లైబ్రరీ ఇలాంటి పేరు కనబడగానే తప్పు హెడర్‌ను సరైనదానికి మళ్లిస్తున్నానని వార్నింగ్ ఇస్తుంది. సాకెట్ ఫంక్షన్లకు ముందు సిస్/టైప్స్.హెచ్ తప్పనిసరిగా ఉండాలన్నది కూడా పాత నియమమే. యునిక్స్ తరహా సిస్టమ్‌లన్నిటికీ ఉమ్మడిగా ఉండే పోసిక్స్ ప్రమాణంలో 2001 నుంచి ఆ అవసరం లేదు. మీరు స్వయంగా అందులోని టైప్ వాడుతుంటే మాత్రం ఉంచుకోండి.

నాలుగోది కొంచెం వేరు. కొన్ని ప్రాజెక్టుల్లో ఒక ఉమ్మడి హెడర్ ఉంటుంది, ప్రతి సీ ఫైల్‌లో అదే ముందు రావాలన్నది నియమం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్ కోడ్‌లో పోస్ట్‌గ్రెస్.హెచ్ అలాంటిది. గిట్ సోర్స్‌లో గిట్-కంపాట్-యుటిల్.హెచ్ అలాంటిది. ఎస్‌టీడీఐఓ, ఎస్‌టీడీలిబ్, స్ట్రింగ్ లాంటివి వాటి ద్వారా ఎలాగూ వస్తాయి. అక్కడ వాటిని మళ్లీ రాస్తే నిజంగానే అదనం. ఇది పక్కింటి కొమ్మ లాంటిది కాదు. ఉమ్మడి వంటగదిలో ఉప్పు, పప్పు అందరికీ ఉంటాయని ఇంటిపెద్ద ముందే చెప్పిన మాట ఇది, రాతపూర్వకంగా ఉన్న మాట. మీ ప్రాజెక్టులో అలాంటి మాట ఎక్కడా రాసి లేకపోతే, ఉందని మీరే ఊహించుకుని తీయకండి.

దీనివల్ల బిల్డ్ వేగం పెరుగుతుందా?

ఈ ఆశతోనే చాలామంది మొదలుపెడతారు కాబట్టి ముందే చెప్తాను. ఒకే హెడర్ ఒక ఫైల్‌లోకి రెండోసారి వస్తే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. రెండోసారి రాకుండా హెడర్ చుట్టూ రాసే గార్డ్ అనే షరతును జీసీసీ గుర్తుపెట్టుకుని, రెండోసారి ఫైల్ తెరవకుండానే వదిలేస్తుంది. సీ భాషలో సిస్టమ్ హెడర్లు చిన్నవి. వాటిలో పది తీసినా గడియారంలో తేడా కనబడదు. సీ ప్లస్ ప్లస్‌లో రెజెక్స్, ఐఓస్ట్రీమ్, అల్గోరిథమ్ లాంటివి బరువైనవి, అక్కడ లాభం కనబడుతుంది. కెర్నల్ అంత పెద్ద కోడ్‌లో అయితే లెక్క వేరు. 2022 జనవరిలో కెర్నల్ డెవలపర్ ఇంగో మోల్నార్ కెర్నల్ హెడర్ల చిక్కుముడులు విప్పే ప్యాచ్‌లు పంపినప్పుడు అవి 2,200 కమిట్లు దాటాయి. బిల్డ్ సమయం బాగా తగ్గించడమే వాటి లక్ష్యం.

మాలాంటి ప్రాజెక్టుకు అసలు లాభం చదివేవాళ్లకే. పైనున్న తొమ్మిది వరుసలు చూడగానే ఈ ఫైల్ నెట్‌వర్క్‌తో మాట్లాడుతుంది, టైమ్ చూస్తుంది, థ్రెడ్లు వాడదు అని అర్థం కావాలి. 34 ఉంటే ఏమీ అర్థం కాదు. ఇంకో మెషీన్ మీదికి కోడ్ తీసుకెళ్లేటప్పుడు కూడా, అవసరమే లేని హెడర్ అక్కడ దొరక్క బిల్డ్ ఆగిపోవడం చాలా విసుగు పుట్టిస్తుంది.

రెండో పని: ఏదీ ముట్టకముందు చేయవలసినవి

విడిగా ఒక బ్రాంచ్ తీయండి. ఉన్న కోడ్‌ను మొదటినుంచి శుభ్రంగా బిల్డ్ చేసి, వచ్చిన ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ, అంటే ఒక్కో సీ ఫైల్ నుంచి కంపైలర్ తయారుచేసినవి, ఒక పక్క ఫోల్డర్‌లో దాచుకోండి. డీబగ్ ఆప్షన్, అంటే మైనస్ జీ, ఈ బిల్డ్‌లో వద్దు. దాచినవి తర్వాత చాలా అవసరమవుతాయి.

తర్వాత వార్నింగులు. డిక్లరేషన్ లేని ఫంక్షన్‌ను పిలవడం తప్పని 1999 సీ ప్రమాణమే తేల్చింది. అయినా కంపైలర్లు ఎన్నో ఏళ్లు వార్నింగ్‌తో సరిపెట్టాయి. 2023లో క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ 16వ వెర్షన్, 2024లో జీసీసీ 14 దాన్ని ఎర్రర్‌గా మార్చాయి. మనలో చాలామంది వాడేది ఉబుంటు 22.04 లేదా 24.04. వాటితో వచ్చేవి జీసీసీ 11, 13. అవి ఇంకా వార్నింగ్ ఇచ్చి వదిలేస్తాయి. ఆ వార్నింగ్ వందల వరుసల బిల్డ్ లాగ్‌లో కలిసిపోతుంది. ఉదాహరణకు గెట్‌ఎన్వ్ వాడే ఫైల్‌లో ఎస్‌టీడీలిబ్.హెచ్ తీసేశారనుకోండి. ఆ ఫంక్షన్ పాయింటర్ ఇస్తుందని తెలియక, ఇంట్ (32 బిట్ల పూర్ణాంకం) తిరిగిస్తుందని కంపైలర్ అనుకుంటుంది. 64 బిట్ మెషీన్‌లో పాయింటర్‌లోని పై సగం పోతుంది. ప్రోగ్రామ్ ఎప్పుడో, ఎక్కడో క్రాష్ అవుతుంది. అందుకని ఇంప్లిసిట్ ఫంక్షన్ డిక్లరేషన్ వార్నింగ్‌ను ఎర్రర్‌గా మార్చే ఆప్షన్ పెట్టకుండా ఈ పని మొదలుపెట్టకండి.

దాంతోపాటు మైనస్ డబ్ల్యూ అన్‌డెఫ్ కూడా పెట్టండి. వార్నింగులను గుంపుగా తెచ్చే వాల్, ఎక్స్‌ట్రా ఆప్షన్లలో ఇది కలిసి రాదు, విడిగా రాయాలి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

కాటా దగ్గర జరిగింది

ఈ ప్రోగ్రామ్‌లోనే, కొన్నేళ్ల క్రితం, నేను చేసిన శుభ్రం ఇది. కాటా బరువును నాలుగు బైట్లుగా పంపుతుంది, పెద్ద బైట్ ముందు వచ్చే వరుసలో. మన ప్రాసెసర్లలో చిన్న బైట్ ముందుంటుంది కాబట్టి తిప్పుకోవాలి. కోడ్‌లో ఒక హ్యాష్ ఇఫ్, అంటే కంపైల్‌కు ముందే తేలిపోయే షరతు, ఉండేది. బైట్ ఆర్డర్ బిగ్ ఎండియన్‌కు సమానమైతే తిప్పకు, లేకపోతే తిప్పు అని. ఆ రెండు పేర్లూ ఎండియన్.హెచ్ ఇచ్చే మ్యాక్రోలు.

నేను ఆ ఫైల్‌లో ఎండియన్.హెచ్ వరుస తీసి చూశాను. నా ఉబుంటు మెషీన్‌లో కంపైల్ అయింది, టెస్టులూ పాసయ్యాయి. అవుతాయి మరి, ఎస్‌టీడీలిబ్ ద్వారా అది లోపలికి వస్తూనే ఉంది. అనవసరమని తీసేశాను. కాటా పక్కన పెట్టే చిన్న పెట్టెలో మాత్రం ఆల్పైన్ ఉంటుంది, అంటే మజిల్ లైబ్రరీ. మజిల్‌లో ఎస్‌టీడీలిబ్.హెచ్ ఆ దారిన ఎండియన్.హెచ్‌ను తేదు. అక్కడ ఆ రెండు మ్యాక్రోలూ లేవు.

లేకపోతే ఎర్రర్ రావాలి కదా అనిపిస్తుంది. రాదు. హ్యాష్ ఇఫ్‌లో తెలియని పేరు కనబడితే, కంపైల్‌కు ముందు ఈ హ్యాష్ వరుసలను చూసే ప్రీప్రాసెసర్ దాని విలువ సున్నా అనుకుంటుంది. అటు సున్నా, ఇటు సున్నా. సున్నా సున్నాకు సమానం కాబట్టి షరతు నిజమైపోయింది. బైట్లు తిప్పనక్కర్లేదని తేలిపోయింది. 24,560 కిలోల లారీ ఎక్కితే ప్రోగ్రామ్ చదివిన బరువు 403,27,57,760 కిలోలు.

అంత పెద్ద తప్పు కావడం మా అదృష్టం, ట్రయల్ రోజునే అందరికీ కనబడింది. అదే కొంచెం తేడా అయి ఉంటే ఎన్ని రోజులు బిల్లుల్లోకి వెళ్లేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది. కాటా దగ్గర ఒక అంకె తప్పితే లారీ డ్రైవర్‌తో గొడవ, సరుకు యజమానితో గొడవ. కోడ్ రాసినవాళ్లం ఏసీ గదిలో ఉంటాం. మాట పడేది అక్కడ ఎండలో నిలబడ్డ మనిషి.

మైనస్ డబ్ల్యూ అన్‌డెఫ్ ఉండి ఉంటే ఆ పేరు తెలియదని మజిల్ బిల్డ్‌లో వార్నింగ్ వచ్చేది. అందుకే దాన్ని పెట్టమంటున్నాను.

అయితే అది కూడా పట్టుకోలేని రకం ఒకటి ఉంది. హ్యాష్ ఇఫ్‌డెఫ్, హ్యాష్ ఇఫ్‌ఎన్‌డెఫ్. ఇవి ఒక పేరు నిర్వచించి ఉందా లేదా అని మాత్రమే చూస్తాయి. పాత కోడ్‌లో పాత్ మ్యాక్స్ (ఫైల్ దారి పొడవుకు హద్దు) నిర్వచించి లేకపోతే 1024 అనుకో అని రాసి ఉంటుంది. లిమిట్స్.హెచ్ ఉన్నప్పుడు లినక్స్‌లో ఆ విలువ 4096. లిమిట్స్.హెచ్ తీసేస్తే, వేరే దారిన అది రాకపోతే, 1024 అయిపోతుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. బఫర్ ఒక్కటే చిన్నదైపోయింది. కాబట్టి ఏ హెడర్ తీసేముందైనా ఆ ఫైల్‌లోని హ్యాష్ ఇఫ్ రకాలన్నీ గ్రెప్ కమాండ్‌తో వెతికి, అందులోని ప్రతి పేరూ ఏ హెడర్ నుంచి వస్తోందో చూసుకోండి. నేనైతే ఇది కాగితం మీద రాసుకుంటాను.

మూడో పని: జాబితా తీయండి

గిట్ గ్రెప్‌తో యాంగిల్ బ్రాకెట్లున్న ఇంక్లూడ్ వరుసలన్నీ తీసి, సార్ట్ చేసి, యూనిక్‌తో లెక్కపెట్టండి. ఏ హెడర్ ఎన్ని ఫైళ్లలో ఉందో తెలుస్తుంది. కాలం చెల్లిన పేర్లు ఇక్కడే బయటపడతాయి. వాటితోనే మొదలుపెట్టండి, అవి తేలిక.

ఒక ఫైల్‌ను లోతుగా చూడాలంటే జీసీసీకి మైనస్ పెద్ద హెచ్ ఇవ్వండి. లోపలికి వచ్చే ప్రతి హెడర్‌నూ ఒక్కో వరుసలో చూపిస్తుంది, ముందు చుక్కలతో. ఒక చుక్క ఉంటే మీరు నేరుగా పిలిచింది. రెండు చుక్కలుంటే దాని లోపలిది, మూడుంటే ఇంకా లోపలిది. ఏ కొమ్మ ఎవరి గోడ మీంచి వస్తోందో కళ్లకు కడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు కాసేపు ఆశ్చర్యపోతారు. మా కుర్రాడు ఆ జాబితాను ప్రింట్ తీసుకుని టీ టైమ్‌లో కూడా చదివాడు.

నాలుగో పని: ఒక్కో ఫైల్, ఒక్కో హెడర్

ఫైల్‌లో వాడిన లైబ్రరీ పేర్లన్నీ ఒకసారి పైనుంచి కిందకు చదువుతూ రాసుకోండి. ఫంక్షన్లు, టైపులు, మ్యాక్రోలు. అనుమానం ఉన్నదానికి మ్యాన్ పేజీ తెరవండి. సినాప్సిస్ భాగంలో ఏ హెడర్ కావాలో రాసి ఉంటుంది. మీ మెషీన్‌లో ఏది పనిచేస్తోందన్నదానికంటే అక్కడ ఏం రాసి ఉందన్నదే ఆధారం. సైజ్ టీ లాంటివి ఒక్క హెడర్‌కే పరిమితం కావు. ఎస్‌టీడీడెఫ్, ఎస్‌టీడీఐఓ, ఎస్‌టీడీలిబ్, స్ట్రింగ్, టైమ్ వీటిలో ఏది ఉన్నా ప్రమాణం ప్రకారమే వస్తుంది. దానికోసం మాత్రమే పెట్టిన ఎస్‌టీడీడెఫ్‌ను ధైర్యంగా తీసేయొచ్చు. పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడకుండా పోల్చే స్ట్ర్‌కేస్‌సీఎంపీకి మాత్రం స్ట్రింగ్స్.హెచ్ ఉంచండి. స్ట్రింగ్.హెచ్ దాన్ని ఇవ్వడం ప్రమాణం మాట కాదు. సీ11 లాంటి స్ట్రిక్ట్ మోడ్ పెడితే జీలిబ్‌సీలోనే రాదు.

ఎస్‌టీడీబూల్.హెచ్ గురించి ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నారు. సీ23లో బూల్, ట్రూ, ఫాల్స్ కీవర్డ్‌లైపోయాయి. 2025లో వచ్చిన జీసీసీ 15 డిఫాల్ట్‌గా ఆ ప్రమాణాన్నే వాడుతుంది. మీ కోడ్ ఇక సీ23 కంటే కిందకు వెళ్లదని టీమ్ నిర్ణయించుకున్నప్పుడే అది అనవసరం. మేమింకా ఉంచుతున్నాం.

వరుస తీసేటప్పుడు పూర్తిగా చెరిపేయకండి, అక్కడ ఖాళీ వరుస వదలండి. వరుస పోతే కింద ఉన్న కోడ్ లైన్ నంబర్లన్నీ జరుగుతాయి. షరతు తప్పితే ప్రోగ్రామ్‌ను ఆపే అసర్ట్‌లు తమ లైన్ నంబర్‌ను ప్రోగ్రామ్‌లోనే దాచుకుంటాయి కాబట్టి ఆబ్జెక్ట్ ఫైల్ మారిపోతుంది. ఖాళీ వరుసతో అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఇప్పుడు అదే ఫోల్డర్‌లో, అవే ఆప్షన్లతో బిల్డ్ చేసి, మొదట దాచుకున్న ఆబ్జెక్ట్ ఫైల్‌తో సీఎంపీ కమాండ్‌తో పోల్చండి. బైట్ బైట్‌కూ ఒకటే అయితే ఆ మెషీన్ మీద ఆ ఫైల్ వరకు మీరేమీ మార్చలేదని రుజువైనట్టే. అప్పుడు ఖాళీ వరుసలు తీసేయండి. కోడ్‌లో డేట్, టైమ్ మ్యాక్రోలుంటే ప్రతి బిల్డ్‌కూ తేడా వస్తుంది. సోర్స్ డేట్ ఎపోక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఒక స్థిరమైన విలువకు పెడితే అది ఆగుతుంది.

ఈ పోలిక పట్టుకునే వాటిలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ బేస్‌నేమ్, అంటే ఫైల్ దారిలోని చివరి పేరు ఇచ్చే ఫంక్షన్. జీలిబ్‌సీలోని అదనపు సౌకర్యాలను తెరిచే జీఎన్‌యూ సోర్స్ మ్యాక్రో పెట్టిన కోడ్‌లో ఈ పేరుతో రెండు ఫంక్షన్లు దొరుకుతాయి. లిబ్‌జెన్.హెచ్ ఉంటే పోసిక్స్ది, అది లేకుండా స్ట్రింగ్.హెచ్ ఉంటే జీఎన్‌యూది. చివర స్లాష్ ఉన్న దారి ఇస్తే, ఉదాహరణకు స్లాష్ వార్ స్లాష్ లాగ్ స్లాష్ అని ఇస్తే, పోసిక్స్ది లాగ్ అని చెప్తుంది, జీఎన్‌యూది ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. లిబ్‌జెన్ తీసేసినా కంపైల్ అవుతుంది, ప్రవర్తన మారుతుంది. ఆబ్జెక్ట్ ఫైళ్లు పోల్చినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. పోల్చనివాళ్లకు కస్టమర్ ఫోన్ చేసినప్పుడు తెలుస్తుంది.

సీ ప్లస్ ప్లస్‌లో ఒక తేడా మాత్రం చూసి కంగారు పడకండి. జీసీసీ 13 కంటే పాతవాటిలో ఐఓస్ట్రీమ్‌ను ఇంక్లూడ్ చేస్తే చాలు, వాడినా వాడకపోయినా ప్రతి ఆబ్జెక్ట్ ఫైల్‌లో ఒక చిన్న స్టాటిక్ ఇనిషియలైజర్ చేరుతుంది. ఆ హెడర్ తీసేస్తే అది పోతుంది. అలాంటప్పుడు ఆబ్జెక్ట్ ఫైల్‌లోని మెషీన్ కోడ్‌ను చదవగలిగే రూపంలో చూపే డిస్‌అసెంబ్లీ తీసి, తేడా అదొక్కటేనని చూసుకుని ముందుకు వెళ్లండి.

వరుస క్రమం

జీఎన్‌యూ సోర్స్, పోసిక్స్ సీ సోర్స్ లాంటి మ్యాక్రోలు మొదటి సిస్టమ్ హెడర్ రాకముందే నిర్వచించాలి. ఒక ఫైల్‌లో ముందు ఎస్‌టీడీఐఓ, తర్వాత మీ కాన్ఫిగ్.హెచ్, అందులో జీఎన్‌యూ సోర్స్ ఉందనుకోండి. ఇన్నాళ్లూ ఆ మ్యాక్రో పనిచేయలేదన్నమాట. ఇప్పుడు మీరు పైనున్న ఎస్‌టీడీఐఓ అనవసరమని తీయగానే అది పనిచేయడం మొదలుపెడుతుంది. ఎర్రర్ సందేశం ఇచ్చే స్ట్ర్‌ఎర్రర్ ఆర్ ఫంక్షన్ అప్పటిదాకా ఇంట్ ఇచ్చేది, ఇప్పుడు పాయింటర్ ఇస్తుంది. కాబట్టి కాన్ఫిగ్.హెచ్ మొదట లేని ఫైళ్లుంటే ముందు దాన్ని పైకి జరిపే మార్పును విడిగా చేసి, టెస్ట్ చేసి, ఆ తర్వాతే హెడర్ల జోలికి వెళ్లండి.

టూల్స్ మాట

ఇంక్లూడ్ వాట్ యూ యూజ్ అనే టూల్ ఉంది, క్లాంగ్ మీద కట్టింది. ఏ పేరు ఎక్కడినుంచి వస్తోందో చూసి, ఏది తీయాలో, ఏది కలపాలో చెప్తుంది. క్లాంగ్ టైడీలో 17వ వెర్షన్ నుంచి మిస్క్ ఇంక్లూడ్ క్లీనర్ అనే చెక్ వచ్చింది. ఎడిటర్‌లో క్లాంగ్‌డీ వాడేవాళ్లకు వాడని హెడర్లు మసకగా కనబడతాయి. సీమేక్‌లో కంపైల్ కమాండ్స్ జేసన్ ఫైల్ తయారయ్యేలా పెట్టుకుంటే ఇవన్నీ దాన్ని చదువుకుంటాయి.

వీటిని వాడండి. కానీ ఇవి ఇచ్చే జాబితాను అనుమానితుల జాబితాగానే చూడండి. టూల్‌కు కనబడేది మీరు ఇప్పుడు బిల్డ్ చేస్తున్న సెట్టింగ్ ఒక్కటే. విండోస్ కోసం హ్యాష్ ఇఫ్‌డెఫ్ లోపల ఉన్న కోడ్ దానికి కనబడదు. ఒక్కోసారి బిట్స్ ఫోల్డర్‌లోని లోపలి హెడర్‌ను కలపమని సలహా ఇస్తుంది. అది ఎప్పుడూ చేయకండి, అవి లైబ్రరీ సొంత సామాను. తీయకూడదని మీరు తేల్చుకున్న వరుస పక్కన కీప్ అనే ప్రాగ్మా కామెంట్ రాసిపెడితే ఇంక్లూడ్ వాట్ యూ యూజ్ దాన్ని మళ్లీ ముట్టదు. ప్రతి హెడర్ పక్కనా ఇది ఫలానా ఫంక్షన్ కోసం అని రాసే అలవాటు మాత్రం నాకు నచ్చదు. రెండేళ్లలో ఆ కామెంట్లే అబద్ధాలైపోతాయి.

ఇంకో మెషీన్ మీద చూడకుండా ముగించకండి

కనీసం ఆల్పైన్ కంటైనర్‌లో ఒక బిల్డ్ చేయండి. డాకర్ ఉంటే పది నిమిషాల పని. మజిల్ హెడర్లు చాలా పొదుపుగా ఉంటాయి, ఒకదాన్నొకటి తక్కువగా పిలుచుకుంటాయి. జీలిబ్‌సీలో కనబడని అప్పులన్నీ అక్కడ బయటపడతాయి. మ్యాక్‌గానీ ఫ్రీబీఎస్‌డీగానీ మీ కస్టమర్లలో ఉంటే అక్కడా చూడండి. మీరు బిల్డ్ చేయలేని ప్లాట్‌ఫామ్ భాగంలోని ఇంక్లూడ్‌లను ముట్టకండి. ఎంత పాతగా కనబడినా సరే.

సీ ఫైళ్లన్నీ అయ్యాకే మీ సొంత హెడర్ ఫైళ్లకు రండి. అక్కడ ఒక వరుస తీస్తే దాన్ని పిలిచే వంద ఫైళ్లకు తగులుతుంది, ఎందుకంటే మీ హెడరే ఆ ఫైళ్లకు పక్కింటి చెట్టు. తీసిన తర్వాత ప్రతి హెడర్‌నూ ఒక ఖాళీ సీ ఫైల్‌లో ఒంటరిగా ఇంక్లూడ్ చేసి కంపైల్ చేయండి. తన కాళ్ల మీద తను నిలబడలేని హెడర్‌కు కావలసింది తిరిగి ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్ సోర్స్‌లో దీనికోసమే హెడర్స్‌చెక్ అనే స్క్రిప్ట్ ఉంది. మనం ఓ పది వరుసల షెల్ స్క్రిప్ట్ రాసుకున్నా చాలు.

కమిట్లు, రివ్యూ

పాత పేర్లు మార్చడం ఒక కమిట్. రెండుసార్లు రాసినవి తీయడం ఒక కమిట్. ఉమ్మడి హెడర్ వల్ల అదనమైనవి ఒక కమిట్. వాడనివి ఒక్కో ఫోల్డర్‌కు ఒక్కో కమిట్. లాజిక్ మార్పు ఏదీ వీటిలో కలపకండి. ఏదైనా తేడా వస్తే, తప్పు ఏ కమిట్‌లో మొదలైందో వెతికే గిట్ బైసెక్ట్ సరిగ్గా ఆ కమిట్ దగ్గరికే తీసుకెళ్తుంది. కమిట్ మెసేజ్‌లో ఎందుకు అనవసరమో రాయండి, ఆబ్జెక్ట్ ఫైళ్లు పోల్చి చూశామని కూడా రాయండి. రివ్యూ చేసేవాళ్లకు మీ మాట మీద నమ్మకం కలిగేది దాంతోనే.

బ్రాంచ్‌ను వారాల తరబడి నానబెట్టకండి. ఫైల్ పైభాగంలో అందరూ ఏదో ఒకటి కలుపుతుంటారు కాబట్టి కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తూనే ఉంటాయి. ఇంటికి వెళ్లేముందు ప్రతిరోజూ పుష్ చేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంట్ లేదు. అప్పటినుంచి ఒక్క మెషీన్ మీదే పని వదిలేసి రావడం నావల్ల కాదు.

చివరగా మిగిలేవి కొన్ని ఉంటాయి. ఎందుకు ఉన్నాయో తెలియదు, తీస్తే ఏమవుతుందో తెలియదు. గిట్ బ్లేమ్‌తో ఆ వరుస ఏ కమిట్‌లో వచ్చిందో చూడండి. సగం వాటికి జవాబు అక్కడే దొరుకుతుంది. దొరకనివాటిని ఉంచేయండి. మా కాటా ఫైల్‌లో 34 వరుసలు ఇప్పుడు 11కు వచ్చాయి. తొమ్మిది కావలసినవి, రెండు ఇంకా అర్థం కానివి. ఆ తొమ్మిదిలో ఎండియన్.హెచ్ ఉంది, పక్కన కీప్ కామెంట్‌తో. దాని కిందే బైట్ ఆర్డర్ నిర్వచించి లేకపోతే బిల్డ్ ఆపేసే హ్యాష్ ఎర్రర్ వరుస కూడా ఉంది. ఆ రెండో వరుస మా కుర్రాడు రాసింది.